థర్మాకోల్ డబ్బాలో నాటుకోడి గుడ్లు: ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 5, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మల్కాజిగిరిలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం, పైన డాబా కూడా మాకే. మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి జనగామ దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చి నాలుగు నెలలైంది. వస్తూ వస్తూ కోళ్లన్నీ చిన్నమ్మకి అప్పజెప్పింది. ఇప్పుడు పొద్దున లేవగానే చేతికి పని లేదని ఒకటే గొణుగుడు. డాబా మీద నాలుగు కోళ్లు పెడదామంటే, పిల్లల్ని కొనడం ఎందుకు, ఊళ్లో గుడ్లున్నాయి కదా అంది. గుడ్లున్నాయి, పొదిగే కోడే లేదు.

అందుకని గుడ్లు పొదిగించే డబ్బా కట్టడం మొదలుపెట్టా. రాంనగర్ చేపల మార్కెట్లో పాత థర్మాకోల్ పెట్టె తెచ్చి, బ్లీచింగ్ నీళ్లతో రెండుసార్లు కడిగి, మూడు రోజులు ఎండలో పెట్టా. అయినా వాసన పూర్తిగా పోలేదు. 60 వాట్ల బల్బు, పాత కంప్యూటర్ ఫ్యాను, వేడిని బట్టి బల్బును ఆన్ ఆఫ్ చేసేందుకు కోఠి గుజరాతీ గల్లీలో కొన్న డబ్ల్యూ1209 బోర్డు, మూలన పడున్న 12 వోల్టుల అడాప్టరు. అన్నీ బిగించా. చల్లగా ఉన్నప్పుడు బల్బు వెలగదు, వేడెక్కితే వెలుగుతుంది! బోర్డు పాడైందా?

కోఠి_సర్క్యూట్ | ఫిబ్రవరి 5, రాత్రి 10:02

బోర్డు బాగానే ఉంది. అది వచ్చేటప్పుడే కూలింగ్ మోడ్‌లో వస్తుంది. సెట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకో, పీ0 వస్తుంది. అందులో సీ (కూలింగ్) ఉంటుంది, హెచ్ (హీటింగ్) చెయ్యి. పీ1 కూడా చూడు, 2.0 ఉంటుంది. అలాగే వదిలేస్తే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పడిపోయేదాకా బల్బు వెలగదు. 0.2 పెట్టుకో.

ఇంకోటి. బోర్డు అడుగున రిలే (బల్బును ఆన్ ఆఫ్ చేసే స్విచ్) కాళ్ల దగ్గర 230 వోల్టులు బయటికే ఉంటాయి. డబ్బా లోపల నీళ్ల గిన్నె పెడతావు, ఆవిరి పడుతుంది. బోర్డును బయట, ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టు. లోపలికి సెన్సర్ వైరు మాత్రమే వెళ్లాలి. బల్బు చుట్టూ ఇనుప జాలీ కట్టు, థర్మాకోల్‌కి తగిలితే కరిగి కారుతుంది.

గుడ్డుకూర | ఫిబ్రవరి 5, రాత్రి 10:15

నాదొక చిన్న సందేహం. కిరాణా కొట్టు గుడ్లు డజను పెడితే? రేటు కూడా తక్కువ.

పాత_పశువైద్యుడు | ఫిబ్రవరి 5, రాత్రి 10:48

ఎన్ని రోజులు పెట్టినా పిల్లలు రావండి. లేయర్ ఫారాల్లో పెట్టలు పంజరాల్లో ఉంటాయి, వాటి మధ్య పుంజు ఉండదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కానీ అందులో జీవం ఉండదు. ఊళ్లో అయితే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. పుంజును తీసేసినా వారం పది రోజుల దాకా పెట్టలు పొదగదగిన గుడ్లే పెడతాయి.

మూడో అంతస్తు గారూ, గుడ్లు వారం లోపు పెట్టినవి తెమ్మనండి. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. కడగవద్దు, పెంకు మీది సన్నని పొర పోతే రంధ్రాల గుండా క్రిములు లోపలికి పోతాయి. బస్సులో తెచ్చాక కనీసం ఒక రాత్రి సన్నటి కొన కిందికి ఉండేలా కదపకుండా ఉంచి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి.

నల్లకోడి_నాగారం | ఫిబ్రవరి 6, ఉదయం 6:50

అన్నా, ఫ్యాను పెట్టినవ్, మంచిగైంది. ఫ్యాను లేకుంటె బల్బు కాడి గుడ్లు ఉడుకుతయ్, అవతలి మూలవి సల్లగైతయ్. గని గాలి సక్కగ గుడ్ల మీదికి కొట్టకుండ సూడు. గోడ మొకాన తిప్పు. ఫ్యాను ఉంటె 37.5 పెట్టుకో. లేనోళ్లు గుడ్డు పైభాగం కాడ 38.5 దాంక పెడతరు.

నేను కడక్‌నాథ్ పెంచుత. ఆ పెట్టలకు పొదుగుడు అంతగ శాత గాదు, రొండ్రోజులు కూసొని లేస్తయ్. గందుకే నేను సుత డబ్బా కట్టిన.

గోదారి_గట్టు | ఫిబ్రవరి 6, ఉదయం 8:30

కూకట్‌పల్లిలో ఉంటున్నానండి, మాది భీమవరం దగ్గర. మా నాన్న జాతి పెట్టల గుడ్లు మిషన్లో పెట్టడానికి ఈ రోజుకీ ఒప్పుకోరు. గంపలో వరిగడ్డి వేసి, మంచి నాటు పెట్ట కింద తొమ్మిదో పదకొండో గుడ్లు పెడతారు. సరి సంఖ్య పెట్టరు. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప మేకు కూడా వేస్తారు. నవ్వకండి, 11 పెడితే 10 పిల్లలు లేచేవి. మీ డబ్బా అంత చేస్తే అప్పుడు మాట్లాడదాం.

నల్లకోడి_నాగారం | ఫిబ్రవరి 6, ఉదయం 8:44

మేకు డబ్బాల నాలుగున్నయ్ అన్నా, ఫ్యాను బిగించెతందుకు. ఉరిమినా ఫికర్ లేదు 😄

డాబా_తోట | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 1:20

వనస్థలిపురం నుంచి. నేను ఇప్పటికి నాలుగు విడతలు పెట్టాను. మొదటిదానిలో 30కి 4 వచ్చాయి. తమ్ముడూ, ఒక్క మాట: గుడ్లు పెట్టకముందు ఖాళీ డబ్బాని రెండు రోజులు నడిపించు. అందరం ఆత్రం ఆపుకోలేక చేసే తప్పు అదే. గుడ్లు తెచ్చేసుకుంటాం, అవి పాతబడిపోతున్నాయని తొందరపడతాం.

తిప్పడానికి పెన్సిలుతో ఒక పక్క గుణకారం గుర్తు, రెండో పక్క సున్నా గీసుకో. స్కెచ్ పెన్నుతో వద్దు. రోజుకు మూడుసార్లో ఐదుసార్లో, బేసి లెక్కన. అలా అయితే నిన్న రాత్రంతా కిందున్న పక్క ఈ రాత్రి పైకొస్తుంది. తిప్పకపోతే లోపలి పిండం పొరకి అతుక్కుపోతుంది. కోడి కూడా ముక్కుతో గుడ్లు దొర్లిస్తూనే ఉంటుంది కదా, ఊరికే దొర్లించదు.

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 9, రాత్రి 8:15

పీ0, పీ1 మార్చాక డబ్బా లైనులో పడింది. ఒక రాత్రి ఖాళీగా నడిపించా (రెండు రోజులు ఆగలేకపోయానక్కా). నిన్న చిన్నమ్మ కొడుకు బస్సులో 24 గుడ్లు ఊకలో పెట్టి తెచ్చాడు. ఇప్పుడే పెట్టేశా. బోర్డు మీద 37.6 చూపిస్తోంది. కొత్తగా కొన్న తేమ మీటరు 55 శాతం అంటోంది. అమ్మ పసుపు బొట్టు పెట్టి, "ఇంత చిన్న డబ్బాలో కోడి ఎక్కడ కూర్చుంటదిరా" అని వెళ్లి పడుకుంది.

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 13, రాత్రి 11:05

అర్జెంటు. కరెంటు పోయి గంటయింది. ఇన్వర్టరు లేదు. డబ్బా 33కి దిగింది. తెరిచి వేడినీళ్ల సీసాలు పెట్టనా?

డాబా_తోట | ఫిబ్రవరి 13, రాత్రి 11:11

తెరవకు! తెరిస్తే ఉన్న వేడి కూడా పోతుంది. దుప్పటి కప్పు, గాలి రంధ్రం ఒక్కటి వదిలెయ్. నాలుగో రోజే కదా, రెండు మూడు గంటలకి ఏమీ కాదు. కోడి కూడా మేతకి లేచి వెళుతుంది, అంతసేపూ గుడ్లు చల్లబడేవే.

పాత_పశువైద్యుడు | ఫిబ్రవరి 13, రాత్రి 11:30

అక్క చెప్పింది నిజం. చలికి పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది, అంతే. భయపడాల్సింది వేడికి. 40 దాటి కొన్ని గంటలు ఉంటే చాలా పిండాలు తట్టుకోలేవు. కరెంటు తిరిగి వచ్చాక కోలుకుంటుందని బోర్డు సెట్టింగు పెంచకండి.

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 14, ఉదయం 7:00

ఒంటిగంటకి వచ్చింది. పెంచలేదు, కానీ చేతులు మాత్రం పెంచమని ఒకటే గోల.

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 16, రాత్రి 9:30

ఏడో రోజు. లైట్లన్నీ ఆపేసి, అట్టముక్కకి రూపాయి బిళ్లంత బెజ్జం చేసి, వెనక ఫోను టార్చి పెట్టి ఒక్కో గుడ్డూ చూశా. అబ్బ! సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో ఒక నల్ల చుక్క ఊగుతూ. అమ్మని పిలిస్తే మోకాళ్ల నొప్పి మర్చిపోయి నేల మీద కూర్చుంది. 60 ఏళ్లుగా గుడ్లు పొదిగిస్తున్న మనిషి, లోపల ఏం జరుగుతుందో మొదటిసారి చూసింది. ఊళ్లో అయితే పొదుగు ముగిసే ముందు గోరువెచ్చటి నీళ్లలో వేసి, కదిలితే ప్రాణం ఉన్నట్టు అనుకునేవాళ్లట.

లెక్క: 5 గుడ్లు తెల్లగా, ఏమీ లేవు. 3 గుడ్లలో నరాలు లేవు, ఎర్రటి రింగు మాత్రం ఉంది. మిగతా 16 బతికున్నాయి. రింగు అంటే ఏమిటి?

పాత_పశువైద్యుడు | ఫిబ్రవరి 16, రాత్రి 10:10

మొదలై చచ్చిపోయినవి. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఆగిపోతే నెత్తురు అంచుకు చేరి అలా వలయం కడుతుంది. ప్రయాణంలో కుదుపులు, గుడ్లు పాతబడడం, మొదట్లో వేడి ఎక్కువ తక్కువలు... ఏదైనా కావచ్చు. ఆ ఎనిమిదింటినీ తీసేయండి. కుళ్లితే లోపల వాయువు పేరుకొని పగులుతాయి, ఆ కంపు ఇల్లంతా ఉంటుంది, మిగతావి కూడా పాడవుతాయి.

గుడ్డుకూర | ఫిబ్రవరి 16, రాత్రి 10:14

ఆ ఐదు తెల్లవి...?

డాబా_తోట | ఫిబ్రవరి 16, రాత్రి 10:20

ఏడు రోజులు 37 డిగ్రీల్లో ఉన్న గుడ్డు నాయనా. కూర చెయ్యకు.

మూడో_అంతస్తు | ఫిబ్రవరి 27, రాత్రి 8:40

18వ రోజు. ఇంకో 2 ఆగిపోయాయి, 14 మిగిలాయి. గుడ్డు నిండా నల్లగా ఉంది, మొద్దు కొన దగ్గర మాత్రమే గాలి అర కనిపిస్తోంది. ఇక తిప్పడం ఆపేశా. నీళ్ల గిన్నె రెండోది కూడా పెట్టా, మీటరు 68 చూపిస్తోంది. ఆ గాలి అర మాత్రం బొమ్మల్లో చూసినంత పెద్దగా లేదు. పరవాలేదా?

నల్లకోడి_నాగారం | ఫిబ్రవరి 27, రాత్రి 9:05

అర సిన్నగుందంటె లోపట నీళ్లు మస్తున్నట్టు లెక్క. నీ మీటరు నిజం జెప్తుందా? ఇంక మూత ముట్టకు. ఏమైనా సరె, ముట్టకు.

మూడో_అంతస్తు | మార్చి 5, రాత్రి 7:50

రాయబుద్ధి కావట్లేదు గానీ రాస్తున్నా.

మార్చి 2కి 21 రోజులు నిండాయి. ఒక్క గుడ్డు కూడా చిట్లలేదు. లోపల్నుంచి కిచకిచ మాత్రం వినపడుతోంది. 3వ తేదీ మధ్యాహ్నం మూడింటికి గీత పడింది. సాయంత్రం ఒక పిల్ల సగం చీల్చి ఆగిపోతే ఆగలేక మూత తీసి పెంకు కొంచెం వలిచా. రక్తం వచ్చింది. భయపడి మూసేశా. మళ్లీ తీశా. రాత్రంతా నాలుగుసార్లు తీసుంటా. 4వ తేదీ సాయంత్రానికి 5 పిల్లలు. మిగతా 9 లేవలేదు. వచ్చిన ఐదింటిలో ఒకదానికి కాళ్లు రెండు పక్కలకీ చాపుకుపోతున్నాయి.

24కి 5. గోదారి గట్టు గారూ, మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

గోదారి_గట్టు | మార్చి 5, రాత్రి 8:10

అయ్యో, ఎగతాళికి అనలేదండి. మా నాన్నకి చెప్తే, మొదటిసారి పొదిగే పెట్ట కూడా సగం తొక్కేస్తుంది అన్నారు.

పాత_పశువైద్యుడు | మార్చి 5, రాత్రి 9:15

ముందు కాళ్లు చాచే పిల్ల సంగతి. కింద న్యూస్‌పేపరు ఉందా? నునుపు మీద కాళ్లు జారి అలా అవుతుంది. గోనె గుడ్డ పరవండి. రెండు కాళ్లకీ మధ్య సుమారు ఒక అంగుళం ఎడం ఉండేలా మెత్తటి టేపు కట్టండి. రెండు మూడు రోజుల్లో నిలబడవచ్చు.

ఆ తొమ్మిది గుడ్లను పారేయకుండా పగలగొట్టి చూడండి. అయిష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ ఎక్కడ తప్పు జరిగిందో అవే చెబుతాయి.

మూడో_అంతస్తు | మార్చి 6, ఉదయం 11:20

డాబా మీద చేశా. అమ్మని రావద్దన్నా. 6 గుడ్లలో పిల్ల పూర్తిగా తయారైంది, ఈకలు కూడా ఉన్నాయి, కానీ ముక్కు గాలి అరలోకి పొడుచుకోలేదు. చుట్టూ జిగటగా నీరు. 2 గుడ్లు చిట్లాయి, కానీ పొర తోలులా ఎండి పిల్లకి చుట్టుకుపోయింది. ఒకదానిలో తల సన్నటి కొన వైపు ఉంది.

పాత_పశువైద్యుడు | మార్చి 6, మధ్యాహ్నం 12:40

మూడు కథలు విడివిడిగా ఉన్నాయి.

ఒకటిన్నర రోజు ఆలస్యంగా లేచాయంటే మీ డబ్బా మొత్తం మీద చల్లగా నడిచింది. వేడి ఎక్కువైతే 20వ రోజుకే లేచేవి, బొడ్డు మూసుకోకుండా. ఆరింట్లో నీరు మిగిలిందంటే 18 రోజులూ తేమ ఎక్కువైంది. పెంకు రంధ్రాల గుండా గుడ్డు నీరు పోగొట్టుకుంటేనే గాలి అర పెరుగుతుంది. పిల్ల మొదటి ఊపిరి తీసేది ఆ గాలినే. అర చిన్నదైతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎండిపోయిన రెండూ మీరు మూత తీసిన ఫలితం. ఆ ఆవిరి బయటికి పోతే తడి పొర నిమిషాల్లో బిగుసుకుంటుంది. తలకిందులు ఒకటి ఎవరి డబ్బాలోనైనా ఉంటుంది, దాన్ని వదిలేయండి.

రక్తం వచ్చిందన్నారు కదా. చిట్లగానే పిల్ల ఆగిపోయినట్టు కనిపిస్తుంది గానీ ఖాళీగా ఉండదు. పెంకు పొరలో ఉన్న నెత్తురు ఒంట్లోకి లాక్కుంటూ, పచ్చసొన కడుపులోకి పీల్చుకుంటూ ఉంటుంది. 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. మనకు ఆగినట్టే ఉంటుంది.

మూడో_అంతస్తు | మార్చి 6, మధ్యాహ్నం 12:55

కానీ డాక్టరు గారూ, బోర్డు 37.6, తేమ 55. రోజూ కాపీలో రాసుకున్నా!

కోఠి_సర్క్యూట్ | మార్చి 6, మధ్యాహ్నం 1:03

సెన్సర్ ఎక్కడ వేలాడదీశావ్?

మూడో_అంతస్తు | మార్చి 6, మధ్యాహ్నం 1:10

పైన, మూతకి. బల్బుకి జానెడు దూరంలో.

కోఠి_సర్క్యూట్ | మార్చి 6, మధ్యాహ్నం 1:14

అదీ సంగతి. బోర్డు బల్బు ఎండ కొలిచింది, గుడ్లు కింద చల్లగా ఉన్నాయి. సెన్సర్‌ని గుడ్డు పైభాగం ఎత్తుకి, బల్బు వెలుగు నేరుగా పడని చోటికి దింపు. తర్వాత జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు తీసుకో. జిప్ కవర్లో నీళ్లు పోసి గుడ్ల మధ్య ఓ గంట పెట్టి, ఆ నీళ్ల వేడి చూడు. తేడా ఎంతుంటే అంత పీ4లో సరిచెయ్యి. ఆ సెట్టింగు ఉన్నదే అందుకు.

డాబా_తోట | మార్చి 6, మధ్యాహ్నం 2:30

తేమ మీటరుకి ఉప్పు పరీక్ష చెయ్యి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలుపు, కరిగిపోకూడదు. అదీ మీటరూ కలిపి గాలి చొరని కవర్లో ఒక రాత్రంతా ఉంచు. పొద్దునకి 75 చూపించాలి.

మూడో_అంతస్తు | మార్చి 7, ఉదయం 8:05

మీటరు 66 చూపించింది. అంటే తొమ్మిది తక్కువ చెబుతోంది. నేను 55 అనుకున్నది 64! గుడ్ల దగ్గర నీళ్లు 36.6, బోర్డు మాత్రం దర్జాగా 37.6. నెల రోజులు నేను కాపలా కాసింది గుడ్లని కాదు, రెండు అబద్ధాల అంకెల్ని.

నల్లకోడి_నాగారం | మార్చి 7, ఉదయం 8:20

నేనప్పుడే అడిగిన గదనే 😀 ఫికర్ జెయ్యకు. నీళ్ల గిన్నె లోతు జూసుకుంటరు అందరు. లోతుతోని ఏమైతది, తేమ పైమొకం ఎడల్పుతోని పెరుగుతది. సిన్న మూతతోని షురూ జేసి, తక్కువైతె పెద్దది పెట్టు. మా దగ్గర వానాకాలంల గిన్నెనే పెట్ట, గాలిలున్నదే సాల్తది.

మూడో_అంతస్తు | మార్చి 14, రాత్రి 9:00

రెండో విడత. 20 గుడ్లు. ఈసారి డబ్బా మూడు రోజులు ఖాళీగా నడిచింది, మూడు మూలల్లో నీళ్ల కవర్లు పెట్టి కొలిచా, ఎక్కడా 0.3 కంటే తేడా లేదు. 60 వాట్ల ఒక్క బల్బు తీసేసి 40వి రెండు పెట్టా, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది కాస్తుంది. ఈసారి గుడ్లు ఎంత నీరు పోగొట్టుకుంటాయో చూద్దామని 10 గుడ్లకి గుర్తు పెట్టి వంటింటి త్రాసు మీద తూచా: 482 గ్రాములు.

ఒక అడ్డు ప్రశ్న: రాజేంద్రనగర్‌లో వనరాజ, గ్రామప్రియ గుడ్లు తీసుకుంటే మేలా?

పాత_పశువైద్యుడు | మార్చి 14, రాత్రి 9:45

ఆ రెండూ ఇక్కడి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి కోళ్ల కోసం తయారుచేసినవే. గుడ్లకైతే గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజ. బాగానే పెరుగుతాయి. కానీ అవి సంకర రకాలు. మీ డాబా మీద వాటి గుడ్లనే మళ్లీ పొదిగిస్తే తల్లి లక్షణాలు పిల్లల్లో నిలవవు. పొదుగు గుణమూ తక్కువే. ఏటా పొదిగించుకోవాలనుకుంటే మీ ఊరి నాటుకోళ్లే నయం.

మూడో_అంతస్తు | మార్చి 21, రాత్రి 9:10

3 తెల్లవి, 1 రింగు, 16 బతికున్నాయి.

మూడో_అంతస్తు | మార్చి 30, మధ్యాహ్నం 2:50

మళ్లీ కరెంటు పోయింది. డబ్బా మీద దుప్పటి కప్పేశా. కానీ వేడి దిగడం లేదు, 38.4కి ఎక్కింది! గదిలో 35 ఉంది.

డాబా_తోట | మార్చి 30, మధ్యాహ్నం 2:54

దుప్పటి తియ్!! అది ఫిబ్రవరి రాత్రి మాట, నాలుగో రోజు మాట. ఇప్పుడు 16వ రోజు, లోపలి పిల్లలే పొయ్యిలా కాస్తున్నాయి, ఫ్యాను ఆగిపోయింది. మూత నాలుగు వేళ్లు ఎత్తి పుల్ల అడ్డం పెట్టు. ఇంట్లో చల్లటి గది ఏదైతే అక్కడికి మెల్లగా మార్చు.

మూడో_అంతస్తు | మార్చి 30, సాయంత్రం 5:00

37.3కి దిగింది. కరెంటూ వచ్చింది. కింద ఓనర్ ఆంటీ వాళ్ల వరండా చల్లగా ఉంటే డబ్బా అక్కడికి దించా. ఏమిటిది అని అడిగింది. చెప్పా. ఏమీ అనలేదు.

పాత_పశువైద్యుడు | మార్చి 30, సాయంత్రం 6:20

మంచి పని చేశారు. ఈ డబ్బాలు వేడి పెంచగలవు గానీ తగ్గించలేవు. ఈ విడత తర్వాత జూన్ వానలదాకా ఆపేయండి. హైదరాబాదు మే నెలలో డాబా కింది గది మధ్యాహ్నం 40 దాటితే బోర్డు ఏం చేస్తుంది పాపం.

మూడో_అంతస్తు | ఏప్రిల్ 1, రాత్రి 8:30

18వ రోజు. ఆ 10లో ఒక్కటీ తీసేయాల్సి రాలేదు, మళ్లీ తూచా: 424 గ్రాములు. 58 తగ్గింది, అంటే 12 శాతం. గాలి అర గుడ్డులో మూడో వంతు దాకా ఉంది. మూత చుట్టూ టేపు వేసి తాళంచెవి, అదే కత్తెర, అమ్మకిచ్చా.

మూడో_అంతస్తు | ఏప్రిల్ 5, ఉదయం 6:40

16కి 14! నిన్న తెల్లవారుజామున మొదటి గీత, రాత్రి పదకొండుకల్లా పద్నాలుగూ బయటికొచ్చాయి. ఒకటి పది గంటలు కదలకుండా పడుంది, నా ప్రాణం పోయింది. కత్తెర అడిగితే అమ్మ ఇవ్వలేదు. అదే అన్నిటికంటే పెద్దగా అరుస్తోందిప్పుడు. ఇంకా డబ్బాలోనే ఆరుతున్నాయి. మేత ఎప్పుడు పెట్టాలి?

నల్లకోడి_నాగారం | ఏప్రిల్ 5, ఉదయం 6:55

శెభాష్ అన్నా! ఒల్లు ఆరి బొచ్చు పూలలెక్క విచ్చినంక తియ్యి. కడుపుల పచ్చసొన ఉంటది, ఒక దినం ఏం బెట్టకున్నా ఏంగాదు. ముందుగాల నీళ్లు. గిన్నెల గోలీలో గులకరాళ్లో ఎయ్యి, లేకుంటె మునిగి సస్తయ్. అటెన్క పిల్లల దాణా, దొరకకుంటె రొండు దినాలు సన్న నూకలు. మొదటి వారం 35 డిగ్రీలు, అటెన్క వారానికి మూడు తగ్గించుకుంట పో. బల్బు కిందికొచ్చి కుప్పవడితె సలి పెడుతున్నట్టు, దూరం ఉరికి నోరు తెరిస్తె ఉడుకైతున్నట్టు. థర్మామీటరు గంటె అవే నయం జెప్తయ్.

పాత_పశువైద్యుడు | ఏప్రిల్ 5, ఉదయం 9:00

ఏడో రోజుకు కొక్కెర రోగం టీకా మరవకండి, లసోటా లేదా ఎఫ్1, కంట్లో ఒక్క చుక్క. 14వ రోజు ప్రాంతంలో గంబోరో అనే ఇంకో రోగానికి టీకా. చిక్కేమిటంటే సీసా వంద పిల్లలకో అంతకంటే ఎక్కువకో సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. దాచుకోవడం కుదరదు. పశువుల ఆసుపత్రిలో అడగండి, లేకపోతే ఒకే రోజు పెట్టుకునేలా నలుగురు కలవండి. తేవడం ఐసులో పెట్టి తేవాలి.

డాబా_తోట | ఏప్రిల్ 5, ఉదయం 9:20

నా దగ్గర 22 పిల్లలున్నాయి, వచ్చే ఆదివారం వేద్దామనుకుంటున్నా. తమ్ముడూ, నాగారం అన్నా, మీరూ కలిస్తే సీసా ఒకటి తెస్తా. ఉప్పల్ దగ్గర కలుద్దాం, ఇద్దరికీ మధ్యలో.

నల్లకోడి_నాగారం | ఏప్రిల్ 5, ఉదయం 9:24

నాయి 31. వస్త అక్కా.

గోదారి_గట్టు | ఏప్రిల్ 5, ఉదయం 10:05

20కి 14. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పానండి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ బోర్డు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నారు. మేకు మాత్రం వెయ్యమన్నారు.

మూడో_అంతస్తు | ఏప్రిల్ 12, రాత్రి 9:15

టీకాలు అయిపోయాయి, థాంక్స్ అక్కా. కాళ్లు చాచిన పిల్ల నాలుగో రోజుకే లేచి నిలబడింది, ఇప్పుడు పాత ఐదింటిలో అదే ముందు పరిగెత్తేది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. మొత్తం 19. ఇందులో సగం పుంజులే అవుతాయి కదా? తెల్లారి నాలుగింటికి తొమ్మిది పుంజులు కూస్తే ఓనర్ ఆంటీ మమ్మల్ని ఖాళీ చేయిస్తుంది. అమ్మేమో పుంజుల్ని ఊరికి పంపి, మూడు పెట్టలు ఉంచుకుందాం అంటోంది. పుంజో పెట్టో ఎన్ని వారాలకి తెలుస్తుంది?

డాబా_తోట | ఏప్రిల్ 12, రాత్రి 9:40

నాటువి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగు. ముందు జుట్టు ఎర్రబడేవి పుంజులు. తర్వాత మెడ మీదా తోక మొదట్లోనూ సన్నగా కొసదేరిన ఈకలు వస్తాయి, అప్పుడిక అనుమానం ఉండదు. కూత నేర్చేలోపు పంపించెయ్. ఒక్కటీ ఉంచుకోకు, పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు.

మూడో_అంతస్తు | ఏప్రిల్ 12, రాత్రి 9:52

పుంజు లేకపోతే వచ్చే ఏడు డబ్బాలోకి గుడ్లు ఎక్కడివి?

గుడ్డుకూర | ఏప్రిల్ 12, రాత్రి 9:55

ఇక కూరే.

మూడో_అంతస్తు | ఏప్రిల్ 13, ఉదయం 7:30

పొద్దున ఓనర్ ఆంటీ పైకొచ్చింది. అమ్మ, తను అరగంట డాబా మీద కూర్చున్నారు. రెండు పెట్టలు తనకి కావాలట, వరండా పక్కన గూడు కట్టిస్తానంది. పుంజు మాట నేను ఎత్తలేదు, అమ్మ ఎత్తింది. ఆంటీ వాళ్లాయనకి ఎలాగూ చెవులు సరిగా వినపడవట. ఒకటి ఉంచుకోవచ్చు అంది.